రియల్ ఐడీ: మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

అమెరికాలో దేశం లోపలి విమానం ఎక్కాలంటే స్టార్ గుర్తున్న లైసెన్సో, పాస్‌పోర్ట్ లాంటి ఇంకో పత్రమో చూపించాలన్న రియల్ ఐడీ నిబంధన 2025 మే 7న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి తెలిసినవాళ్ల ఫోన్లు ఆగడం లేదు. "రేపు పొద్దున్నే ఫ్లైట్, నా లైసెన్స్ మీద స్టార్ లేదు, ఎక్కనిస్తారా?" అని ఒకరు, "అమ్మానాన్న వచ్చారు, వాళ్లకీ తీసుకోవాలా?" అని ఇంకొకరు. ఒకే సందేహం పదిమందికీ వస్తోంది కాబట్టి, ఇన్నాళ్లూ చెప్పిన జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. లైసెన్సులిచ్చే ఆఫీసు పేరు రాష్ట్రానికో రకంగా ఉంటుంది. టెక్సస్‌లో డీపీఎస్, న్యూజెర్సీలో ఎంవీసీ, జార్జియాలో డీడీఎస్. ఇక్కడ అన్నింటికీ డీఎంవీ అనే రాశాను.

## అసలు నాకు కావాలా?

రియల్ ఐడీ అంటే డ్రైవింగ్ లైసెన్స్ కాకుండా ఇంకో కార్డా?

కాదు. మీ రాష్ట్రం ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సే, లేదా డ్రైవింగ్ రానివాళ్లకిచ్చే స్టేట్ ఐడీ కార్డే, ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలకు తగ్గట్టు ఇస్తే దాన్ని రియల్ ఐడీ అంటారు. సెప్టెంబర్ 11 దాడుల మీద వేసిన కమిషన్ గుర్తింపు కార్డులకు దేశమంతటా ఒకే ప్రమాణం ఉండాలని సూచించింది. దాని ప్రకారం 2005లో కాంగ్రెస్ ఈ చట్టం చేసింది. అమలు మొదట 2008లో అన్నారు, తర్వాత వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. అందుకే చాలామంది "ఈసారీ వాయిదా వేస్తారులే" అనుకుని పట్టించుకోలేదు.

నా దగ్గరున్నది రియల్ ఐడీయో కాదో ఎలా తెలుస్తుంది?

కార్డు పైభాగంలో కుడివైపు చూడండి. నక్షత్రం గుర్తు ఉంటే రియల్ ఐడీ. బంగారు రంగులో ఉండొచ్చు, నల్లగా ఉండొచ్చు, గుండ్రటి మచ్చ మధ్యలో ఉండొచ్చు. కాలిఫోర్నియా కార్డు మీద ఎలుగుబంటి బొమ్మలో నక్షత్రం ఉంటుంది. స్టార్ లేకుండా "ఫెడరల్ లిమిట్స్ అప్లై" అనో "నాట్ ఫర్ రియల్ ఐడీ పర్పసెస్" అనో ఉంటే అది మామూలు లైసెన్స్. దాంతో కారు నడపొచ్చు, విమానాశ్రయం సెక్యూరిటీ దగ్గర మాత్రం పనికిరాదు.

టెక్సస్ 2016 అక్టోబర్ నుంచి ఇచ్చే కార్డులన్నీ స్టార్‌తోనే ఇస్తోంది. డల్లాస్ వైపు ఉన్నవాళ్లు అపాయింట్‌మెంట్ కోసం వెతికే ముందు పర్సు తీసి ఒకసారి చూసుకోండి. చాలామంది చేతిలో కార్డు పెట్టుకునే టెన్షన్ పడుతున్నారు.

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను, రియల్ ఐడీ లేదు. దేశం లోపలి ఫ్లైట్లు ఎక్కనివ్వరా?

ఎక్కనిస్తారు. గడువు తీరని మీ ఇండియన్ పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. విమానాశ్రయాల్లో సెక్యూరిటీ చూసే ఫెడరల్ సంస్థ టీఎస్ఏ. అది ఒప్పుకునే గుర్తింపు పత్రాల జాబితాలో రియల్ ఐడీ ఒకటి మాత్రమే. విదేశీ పాస్‌పోర్ట్, గ్రీన్ కార్డ్, ఈఏడీ కార్డు (పనిచేసే అనుమతి కార్డు), గ్లోబల్ ఎంట్రీ కార్డు, అమెరికా పాస్‌పోర్ట్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటినా సెక్యూరిటీ దగ్గర అడ్డు కాదు. వాళ్లు అక్కడ చూసేది మీరెవరన్నది.

పాస్‌పోర్ట్ చాలినప్పుడు ఈ తిప్పలన్నీ ఎందుకు?

నా మటుకు నేను చెప్పేది ఒకటే: పాస్‌పోర్ట్ ఇంట్లో భద్రంగా ఉండాలంటే రియల్ ఐడీ తీసుకోండి. వీకెండ్ ట్రిప్‌లో హోటల్ గదిలోనో రెంటల్ కారులోనో పాస్‌పోర్ట్ పోతే అది ఒక్క పుస్తకం పోవడం కాదు. పోలీస్ రిపోర్ట్ ఇవ్వాలి, కాన్సులేట్‌కు కొత్తదానికి అప్లై చేయాలి, అందులో ఉన్న వీసా స్టాంప్ కూడా పోయినట్టే. ఇండియా వెళితే మళ్లీ స్టాంపింగ్ చేయించుకుంటే తప్ప తిరిగి రాలేరు. నాకు బాగా తెలిసిన కుర్రాడొకడు రెండు రోజుల ట్రిప్‌లో పాస్‌పోర్ట్ పోగొట్టుకున్నాడు. చెల్లెలి పెళ్లికి వెళ్లాలని కొనుక్కున్న టికెట్ రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆ బాధ చూశాక నేను అందరికీ ఇదే చెబుతున్నాను.

ఇంకో సందర్భం రెన్యువల్. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కు పంపి అది తిరిగొచ్చేదాకా, రియల్ ఐడీ లేని హెచ్-1బీ వాళ్ల దగ్గర విమానం ఎక్కడానికి చూపించగలిగింది తరచుగా ఏమీ ఉండదు.

గ్రీన్ కార్డ్ ఉంది. అయినా తీసుకోవాలా?

తప్పనిసరి కాదు. గ్రీన్ కార్డే టీఎస్ఏ ఒప్పుకునే పత్రం. పైగా 18 ఏళ్లు దాటినవాళ్లు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టం. లైసెన్స్ ఎలాగూ రెన్యువల్‌కు వచ్చినప్పుడు స్టార్ ఉన్నది అడగండి. దానికోసం ఇప్పుడు పనిగట్టుకుని సెలవు పెట్టక్కర్లేదు.

సిటిజన్ అయ్యాను. పాస్‌పోర్ట్ మోసుకు తిరగడం ఇష్టం లేదు, రియల్ ఐడీ ఒక్కటే మార్గమా?

పాస్‌పోర్ట్ కార్డు కూడా ఉంది. పర్సులో పట్టేంత చిన్నది, ఫెడరల్ ప్రభుత్వమే ఇస్తుంది, దేశం లోపలి విమానాలకు చెల్లుతుంది. ఇప్పటికే పాస్‌పోర్ట్ ఉన్న పెద్దవాళ్లకు ఫీజు 30 డాలర్లు, పోస్టులో అప్లై చేయొచ్చు. దాంతో విదేశాలకు విమానంలో మాత్రం వెళ్లలేరు.

అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు. వాళ్లకు ఏ కార్డు తీయించాలి?

ఏదీ అక్కర్లేదు. వాళ్ల ఇండియన్ పాస్‌పోర్ట్ చాలు. అత్తగారూ మామగారూ వచ్చారని, వాళ్లను డీఎంవీకి తీసుకెళ్లి లైన్లో నిలబెట్టిన వాళ్లను చూశాను. పెద్దవాళ్లకు అనవసరమైన శ్రమ అది.

గుర్తుంచుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పాస్‌పోర్ట్ ఒరిజినల్ చేతిసంచిలో ఉండాలి. పోతుందేమో అన్న భయంతో మన పెద్దవాళ్లు దాన్ని పెద్ద సూట్‌కేసులో చీరల మధ్య దాచి చెక్-ఇన్‌లో వేసేస్తారు. బయల్దేరే ముందు "పాస్‌పోర్ట్ ఎక్కడుందమ్మా?" అని అడగండి. జిరాక్స్ కాపీ, ఫోన్‌లో ఫోటో పనికిరావు. ఆధార్ కార్డు, ఇండియా డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు ఇవేవీ టీఎస్ఏ జాబితాలో లేవు.

పిల్లలకు?

దేశం లోపలి ప్రయాణాలకు 18 ఏళ్ల లోపు వాళ్లను టీఎస్ఏ ఐడీ అడగదు. ఒళ్లో కూర్చోబెట్టుకునే పసిబిడ్డకు రెండేళ్లు నిండలేదని ఎయిర్‌లైన్ రుజువు అడగొచ్చు. దానికి బర్త్ సర్టిఫికెట్ కాపీ ఒకటి దగ్గరుంచుకోండి.

చదువయ్యాక పనిచేయనిచ్చే ఓపీటీ మీద ఉన్నాను, ఈఏడీ కార్డు చూపిస్తే సరిపోతుందా?

సరిపోతుంది. ఈఏడీ కార్డు జాబితాలో ఉంది. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఈఏడీ ఉన్నవాళ్లకూ ఇదే జవాబు. కార్డు గడువు చూసుకోండి. రెన్యువల్‌కు అప్లై చేసినట్టు వచ్చిన రసీదు కాగితం గుర్తింపు పత్రం కాదు.

సియాటిల్ దగ్గర ఉంటాం. ఇక్కడ రియల్ ఐడీ అడిగితే ఈడీఎల్ అంటున్నారు, అదేంటి?

వాషింగ్టన్ రాష్ట్రంలో విమాన ప్రయాణానికి ఇస్తున్నది ఎన్‌హాన్స్‌డ్ డ్రైవర్ లైసెన్స్, అంటే ఈడీఎల్. అది అమెరికా పౌరులకు మాత్రమే. మామూలు లైసెన్స్ మీద "ఫెడరల్ లిమిట్స్ అప్లై" అని ఉంటుంది. కాబట్టి బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్ వెంట తీసుకెళ్లాల్సిందే. మిషిగన్, మిన్నెసోటా, న్యూయార్క్, వెర్మాంట్ కూడా ఈడీఎల్ ఇస్తాయి. ఈడీఎల్ మీద స్టార్ లేకపోయినా టీఎస్ఏ ఒప్పుకుంటుంది.

## కాగితాలు సిద్ధం చేసుకునేటప్పుడు

హెచ్-1బీ వాళ్లు ఏమేం తీసుకెళ్లాలి?

పాస్‌పోర్ట్, తాజా ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ప్రింటు, వీసా పిటిషన్ ఆమోదించారని వచ్చే ఐ-797 అప్రూవల్ నోటీస్, సోషల్ సెక్యూరిటీ కార్డు, అడ్రస్ రుజువులు రెండు. అడ్రస్ రుజువులు వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవై ఉండాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒకటి, కరెంటు బిల్లు ఒకటి అయితే బాగుంటుంది. ఒకే బ్యాంకు స్టేట్‌మెంట్లు రెండు నెలలవి తీసుకెళ్తే చాలాచోట్ల ఒకటిగానే లెక్కపెడతారు. పీవో బాక్స్ అడ్రస్ చెల్లదు.

సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు (ఎస్‌ఎస్‌ఎన్) కాగితం చూపించాలన్న ఫెడరల్ షరతును 2020 డిసెంబర్‌లో చేసిన చట్టం తీసేసింది. చాలా రాష్ట్రాలు నంబర్ చెబితే కంప్యూటర్‌లో సరిచూసుకుంటాయి. కార్డే కావాలనే రాష్ట్రాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఆ ఒక్కరోజుకు వెంట ఉంచుకుంటే నష్టం లేదు. ఫోటోకాపీలు కాకుండా అన్నీ ఒరిజినల్సే పట్టుకెళ్లండి.

వీసా స్టాంప్ అయిపోయింది, కానీ ఐ-94 ఇంకా రెండేళ్లు ఉంది. ఇస్తారా?

మీరు ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94. వీసా స్టాంప్ దేశంలోకి రావడానికి మాత్రమే. ఇక్కడే ఎక్స్‌టెన్షన్ తీసుకున్నవాళ్లలో చాలామంది స్టాంప్ పాతబడే ఉంటుంది. చిక్కేమిటంటే, ఫెడరల్ నిబంధనలో విదేశీ పాస్‌పోర్ట్ గురించి రాసిన చోట గడువున్న వీసా, ఐ-94 రెండూ కలిపి రాశారు. అందువల్ల కొన్ని కౌంటర్లలో స్టాంప్ గడువు చూసి ఆపుతారు. వెళ్లే ముందు మీ రాష్ట్రం డీఎంవీ సైట్‌లో ఒప్పుకునే పత్రాల జాబితా తీసి, మీ పరిస్థితికి సరిపోయే వరుస ఏదో వెతికి, దాన్ని ప్రింట్ తీసుకుని వెళ్లండి. ఐ-797 అడుగున ఐ-94 ముక్క ఉంటే దాన్ని చింపకుండా మొత్తం కాగితం పట్టుకెళ్లండి. ఆఫీసర్‌తో వాదన పెట్టుకోకుండా "మీ జాబితాలో ఈ వరుస కింద వచ్చానండి" అని మర్యాదగా చూపిస్తే పని జరిగే అవకాశం ఎక్కువ.

ఐ-94 ఎక్కడ దొరుకుతుంది? పాస్‌పోర్ట్‌లో కాగితం పెట్టలేదు.

విమానంలో వచ్చినవాళ్లకు ఇప్పుడు కాగితం ఇవ్వరు. దేశంలోకి వచ్చేవాళ్లను తనిఖీ చేసే సీబీపీ వారి ఐ-94 సైట్‌లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబర్ ఇస్తే వస్తుంది, ఫీజు లేదు. డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు, వాటి జోలికి పోకండి.

ప్రింట్ తీసినప్పుడు చివరి తేదీ తప్పకుండా చూడండి. పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడ్డాక ఇండియా నుంచి తిరిగొస్తే, హెచ్-1బీ అప్రూవల్ ఇంకా రెండేళ్లు ఉన్నా, ఐ-94ను పాస్‌పోర్ట్ గడువుకే కత్తిరించి ఇస్తారు. చాలామందికి ఆ సంగతి డీఎంవీలో కార్డు తక్కువ కాలానికి ఇచ్చినప్పుడే తెలుస్తోంది. అక్కడ తెలియడం కూడా ఒకరకంగా అదృష్టమే. తెలియకపోతే ఆ తేదీ దాటి ఇక్కడే ఉండిపోయి, వీసా స్టేటస్‌కే ముప్పు తెచ్చుకుంటారు. అలా కత్తిరించి ఉంటే వెంటనే కంపెనీ అటార్నీకి చెప్పండి.

హెచ్-4 మీద ఉన్నాను, ఎస్‌ఎస్‌ఎన్ లేదు. నాకు రాదా?

వస్తుంది. పనిచేసే అనుమతి లేనివాళ్లు ఆ సంగతి చూపిస్తే చాలని నిబంధనలోనే ఉంది. కొన్ని రాష్ట్రాలు మీ వీసా చూసి ఒప్పుకుంటాయి. ఇంకొన్ని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నుంచి "ఈమెకు ఎస్‌ఎస్‌ఎన్‌కు అర్హత లేదు" అనే లేఖ అడుగుతాయి. ఆ ఆఫీసుకు పాస్‌పోర్ట్, ఐ-94 తీసుకెళ్లి అడిగితే ఇస్తారు.

ఇంట్లో బిల్లులన్నీ మా ఆయన పేరు మీదే ఉన్నాయి. నా అడ్రస్ ఎలా చూపించాలి?

మన ఇళ్లలో ఇది చాలా ఎక్కువ. అమ్మాయి వచ్చి ఏడాదైనా ఇంటి లీజు, కరెంటు, ఫోన్ అన్నీ భర్త పేరునే ఉంటాయి. కొన్ని రాష్ట్రాలు మ్యారేజ్ సర్టిఫికెట్‌తో పాటు భర్త పేరు మీదున్న బిల్లు తెస్తే ఒప్పుకుంటాయి. అయినా దాని మీద ఆధారపడకండి. జాయింట్ బ్యాంక్ ఖాతా తెరిచి మీ పేరుతో స్టేట్‌మెంట్ తెప్పించుకోండి, లీజులో మీ పేరు చేర్పించండి, కారు ఇన్సూరెన్స్‌లో చేరండి. డీఎంవీ కోసమే కాదు, మీ పేరున నాలుగు కాగితాలుండటం మీకే మంచిది.

రూముల్లో కలిసి ఉండే స్టూడెంట్లదీ ఇదే బాధ. లీజు ఒక్కరి పేరునే ఉంటుంది. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇంటి అడ్రస్‌కు మార్పించుకుని, రెండోదానికి యూనివర్సిటీ లేఖ చెల్లుతుందేమో మీ రాష్ట్రం జాబితాలో చూడండి.

మాస్టర్స్‌కు ఇప్పుడే దిగాను. వెంటనే డీఎంవీకి వెళ్లొచ్చా?

కనీసం పది రోజులు ఆగండి. దిగిన వివరాలు ప్రభుత్వ కంప్యూటర్లన్నింటికీ చేరాలి. మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) మీ రికార్డును యాక్టివ్ చేయాలి, ఆ తర్వాత కూడా రెండు పనిదినాలు గడవాలి. తొందరపడి వెళ్తే వెరిఫికేషన్ ఆగిపోయి ఇంకా ఆలస్యమవుతుంది.

## పేరు దగ్గర వచ్చే చిక్కులు

నా వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని ఉంది. లైసెన్స్ మీదా అలాగే వస్తుందా?

చాలావరకు అలాగే వస్తుంది. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, పేరంతా గివెన్ నేమ్‌లో రాయించుకున్నవాళ్లకు అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్ట్‌లో అదీ రాయించకపోవడం వల్ల మనవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

డీఎంవీ సొంతంగా పేరు సరిచేయలేదు. మార్చాలంటే మొదలు పాస్‌పోర్ట్ నుంచి రావాలి. ఇండియన్ కాన్సులేట్ ద్వారా ఇంటిపేరు చేర్పించి కొత్త పాస్‌పోర్ట్ తీసుకోవాలి. తర్వాత పిటిషన్ వేసేటప్పుడో స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడో ఇమిగ్రేషన్ రికార్డులు, ఆపైన ఎస్‌ఎస్‌ఎన్, చివరికి లైసెన్స్. ఈ వరుస తప్పితే ఒకదానికొకటి పొంతన లేక అన్నీ ఆగిపోతాయి. పిల్లలకు పాస్‌పోర్ట్ తీసేటప్పుడే సర్‌నేమ్ గడి నింపండి. ఇది నేను చేతులు జోడించి చెప్పే మాట.

నా పేరు చాలా పొడవు, కార్డు మీద సగంలో తెగిపోయింది. ప్రమాదమా?

వెంకట సత్య సాయి అని మొదలై ఇంటిపేరుతో ముగిసేసరికి గడి నిండిపోతుంది. ఫెడరల్ నిబంధన ప్రకారం కార్డు మీద పేరుకు 39 అక్షరాల దాకా చోటుంటుంది. అంతకు మించితే కత్తిరించడం వాళ్ల పద్ధతే, తప్పు కాదు. కానీ స్పెల్లింగ్ తప్పు, ఇంటిపేరు వెనకది ముందుకు రావడం, రెండు ముక్కల పేరు ఒకటిగా అతికిపోవడం ఉంటే కౌంటర్ దగ్గరే చెప్పి సరిచేయించుకోండి. తాత్కాలిక కాగితం చేతికివ్వగానే ఒక్కో అక్షరం చదవండి.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నాను. పాస్‌పోర్ట్ పాత పేరుతోనే ఉంది.

డీఎంవీకి చూపించే గుర్తింపు పత్రం మీద ఏ పేరుంటే కార్డు మీద ఆ పేరే వస్తుంది. కొత్త పేరు కావాలంటే మధ్యలో జరిగిన ప్రతి మార్పుకూ కాగితం చూపించాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ అంటే రిజిస్ట్రార్ ఇచ్చినది. ఫంక్షన్ హాల్ రసీదు, శుభలేఖ చెల్లవు. పాస్‌పోర్ట్, ఇమిగ్రేషన్ కాగితాలు పాత పేరుతో ఉండగా లైసెన్స్ ఒక్కటే మార్చుకోవద్దని నా సలహా.

టికెట్ మీద పేరు, కార్డు మీద పేరు అచ్చంగా ఒకేలా ఉండాలా?

సెక్యూరిటీ దగ్గర ఏ కార్డు చూపిస్తారో దాని మీదున్న పేరుతోనే టికెట్ బుక్ చేయండి. ఎయిర్‌లైన్ మొదటి పేరును, మధ్య పేరును కలిపేసి ప్రింట్ చేయడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. ఇంటిపేరు, అసలు పేరు తారుమారైతే మాత్రం ముందే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి మార్పించండి.

## డీఎంవీలో

ఇదంతా ఆన్‌లైన్‌లో అవ్వదా?

మొదటిసారి రియల్ ఐడీకి స్వయంగా వెళ్లాల్సిందే. ఒరిజినల్ పత్రాలు చూడాలి, ఫోటో తీయాలి. కాలిఫోర్నియా లాంటి చోట్ల ఫారం నింపడం, పత్రాలు అప్‌లోడ్ చేయడం ఇంట్లోనే చేసుకోవచ్చు. దాంతో కౌంటర్ దగ్గర సమయం తగ్గుతుంది. ఒరిజినల్స్ స్కాన్ చేసుకుని అప్పటికప్పుడే తిరిగిచ్చేస్తారు, పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర పెట్టుకోరు.

ఖర్చెంత?

రాష్ట్రాన్ని బట్టి. కొన్ని మామూలు లైసెన్స్ ఫీజే తీసుకుంటాయి. న్యూజెర్సీలో 11 డాలర్లు అదనం. పెన్సిల్వేనియాలో రెన్యువల్ ఫీజు కాక ఒక్కసారికి 30 డాలర్లు.

"మీ వెరిఫికేషన్ పెండింగ్" అని చెప్పి పంపేశారు. ఏం చేయాలి?

భయపడకండి, ఇది తిరస్కరణ కాదు. పౌరులు కాని వాళ్ల వివరాలను డీఎంవీలు సేవ్ అనే ఫెడరల్ వ్యవస్థలో సరిచూస్తాయి. కొందరికి క్షణాల్లో జవాబొస్తుంది. ఇంకొందరి రికార్డును మనుషులే తెరిచి చూడాల్సి వస్తుంది. పేరులో తేడా, కొత్త ఐ-797 ఇంకా నమోదు కాకపోవడం, ఈమధ్యే దేశంలోకి రావడం, తరచుగా కనిపించే కారణాలు ఇవే.

కౌంటర్ వదిలే ముందు మీ సేవ్ కేస్ నంబర్ అడిగి రాసుకోండి. ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో కేస్‌చెక్ అనే పేజీలో దాంతోనూ పుట్టిన తేదీతోనూ ఎక్కడిదాకా వచ్చిందో చూడొచ్చు. అక్కడ జవాబు వచ్చినట్టు చూపించాక డీఎంవీకి మళ్లీ వెళ్లండి. ఏ సంగతీ తేలకుండా రోజూ వెళ్లి నిలబడితే సెలవులు ఖర్చవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. కౌంటర్‌లో ఉన్నవాళ్ల చేతిలోనూ ఏమీ ఉండదు.

మా సిటిజన్ ఫ్రెండ్‌కు ఎనిమిదేళ్లకిచ్చారు, నాకు పద్నాలుగు నెలలకే ఇచ్చారు. ఎందుకు?

రియల్ ఐడీ గరిష్ఠ గడువు ఎనిమిదేళ్లు. వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం ఐ-94 ఎప్పటిదాకా ఉంటే అప్పటిదాకే ఇస్తారు. కార్డు మీద "లిమిటెడ్ టర్మ్" అనో "టెంపరరీ" అనో రాసి ఉంటుంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్ల ఐ-94 మీద తేదీకి బదులు డీ/ఎస్ (స్టేటస్ ఉన్నంతకాలం) అని ఉంటే చాలా రాష్ట్రాలు కాలేజీ ఇచ్చిన ఐ-20 చివరి తేదీ చూస్తాయి, కొన్ని ఏడాదికే ఇస్తాయి. లిమిటెడ్ టర్మ్ అని ఉన్నంత మాత్రాన తక్కువ రకం కార్డు కాదు. స్టార్ ఉంటే విమానానికి అందరి కార్డులాగే పనిచేస్తుంది.

లైసెన్స్ ఒకటి, స్టేట్ ఐడీ ఒకటి, రెండూ స్టార్‌తో తీసుకోవచ్చా? ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది కదా.

కుదరదు. ఒక మనిషికి ఒక్క రియల్ ఐడీయే.

## కార్డు వచ్చేలోపు, ఎయిర్‌పోర్టులో

డీఎంవీ ఇచ్చిన కాగితం లైసెన్స్ చూపించి ఎక్కొచ్చా?

ఎక్కలేరు. తాత్కాలిక కాగితం లైసెన్స్ టీఎస్ఏకు గుర్తింపు కాదు. అసలు కార్డు చాలా రాష్ట్రాల్లో పోస్టులో వస్తుంది, కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా ప్రయాణముంటే పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి. ఇల్లు మారబోతున్నవాళ్లు ముందే అడ్రస్ సరిచూసుకోండి. డీఎంవీ కవర్లను చాలాచోట్ల పోస్టాఫీసు కొత్త అడ్రస్‌కు పంపదు, వెనక్కి పంపేస్తుంది.

ఎయిర్‌పోర్టుకు వచ్చాక చూసుకున్నాను, ఏ ఐడీ తేలేదు. ఇంటికెళ్లిపోవడమేనా?

ఒక దారి ఉంది. 2026 ఫిబ్రవరి 1 నుంచి టీఎస్ఏ కన్ఫర్మ్‌ఐడీ అని పెట్టారు. 45 డాలర్లు కడితే వేరే వివరాల ద్వారా మీరెవరో నిర్ధారించే ప్రయత్నం చేస్తారు. ఒకసారి కట్టింది పది రోజుల ప్రయాణానికి వర్తిస్తుంది. డబ్బు కట్టినంత మాత్రాన లోపలికి పంపుతారన్న హామీ లేదు, సమయమూ ఎక్కువ పడుతుంది. ఇంట్లో ఎవరైనా ఉండి, దూరం తక్కువైతే పాస్‌పోర్ట్ తెప్పించుకోవడమే మేలు.

ఫోన్ వాలెట్‌లో డిజిటల్ లైసెన్స్ ఉంది. కార్డు ఇంట్లో వదిలేయనా?

వదలొద్దు. కొన్ని రాష్ట్రాల డిజిటల్ లైసెన్సులనే, అదీ కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే తీసుకుంటారు. వెళ్లేటప్పుడు చెల్లి, వచ్చేటప్పుడు చెల్లకపోవచ్చు.

హవాయి వెళ్తున్నాం, తర్వాత ప్యూర్టోరికో. రియల్ ఐడీ సరిపోతుందా?

విమానం ఎక్కడానికి రెండింటికీ సరిపోతుంది. అయితే ప్యూర్టోరికో, గువామ్ లాంటి చోట్లకు వెళ్లేటప్పుడు వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్, ఐ-797 కూడా పెట్టుకోండి, అక్కడ ఇమిగ్రేషన్ అధికారులు అడిగే వీలుంది. కెనడా, మెక్సికోలకు రియల్ ఐడీ పనికిరాదు. మనకు పాస్‌పోర్ట్, ఆ దేశానికి వెళ్లే అనుమతి, తిరిగి రావడానికి సరైన వీసా అన్నీ కావాలి.

## తర్వాత

హెచ్-1బీ ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, లైసెన్స్ వచ్చే నెల అయిపోతుంది.

ఇందులో రెండు సమస్యలున్నాయి, వేర్వేరుగా చూడండి. విమానానికి పాస్‌పోర్ట్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కారు నడపడానికి మాత్రం లైసెన్స్ కావాలి. ఎక్స్‌టెన్షన్ రసీదు చూపిస్తే కొన్ని రాష్ట్రాలు కొద్ది నెలలకు పొడిగిస్తాయి, కొన్ని ఇవ్వవు. గడువుకు నెల ముందే వెళ్లి అడగండి. అప్రూవల్ వచ్చేదాకా ఆగే పరిస్థితి లేకపోతే అదనపు ఫీజుతో త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ వీలవుతుందేమో కంపెనీని అడగడానికి ఈ లైసెన్స్ కారణం బాగా పనికొస్తుంది. గడువు తీరిన లైసెన్స్‌తో మాత్రం బండి తీయకండి. పట్టుబడితే ఆ కేసు వీసా ఫారాల్లోనూ రాయాల్సి రావచ్చు.

న్యూజెర్సీ నుంచి టెక్సస్ మారాం. పాత రియల్ ఐడీ ఉంచుకోవచ్చా?

కొత్త రాష్ట్రంలో తీసుకునేటప్పుడు పాతది అప్పగించాలి. కాగితాలన్నీ మళ్లీ మొదటినుంచి చూపించాలి, పాత స్టార్ చూసి సరిపెట్టుకోరు. టెక్సస్‌లో కొత్తగా వచ్చినవాళ్లు 90 రోజుల్లోపు లైసెన్స్ మార్చుకోవాలి. అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి, సామాన్లు సర్దుకోవడం పూర్తయ్యేదాకా ఆగకుండా దిగిన వారంలోనే స్లాట్ బుక్ చేసి పెట్టుకోండి.